జింక్ షీటుకు పగుళ్లు: తప్పు స్టీలుదా, వెల్డింగ్‌దా?

రేణిగుంట స్పాట్‌గన్:
గాజులమండ్యంలో కార్ల బ్రాకెట్లు జాబ్ వర్క్ చేస్తాం. మైల్డ్ స్టీలుతో పదేళ్లు ఏ గొడవా లేదు. ఇప్పుడు జింక్ కోటింగ్ ఉన్న 980 ఎంపీఏ (మైల్డ్ స్టీలుకన్నా చాలా బలమైన) స్టీలు షీటు ఇస్తున్నారు. స్పాట్ వెల్డింగ్ వేస్తే, అంటే గన్‌కున్న రెండు రాగి టిప్‌ల మధ్య షీట్లను నొక్కి కరెంట్ పంపి అతికిస్తే, టిప్ నొక్కిన గుంట అంచున పగులు. కంటికి ఆనదు. ఎర్ర డై పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే వెంట్రుకంత ఎర్రగీత తేలుతుంది. లాట్ మొత్తం వెనక్కి వచ్చింది. నన్నడిగితే తప్పు స్టీలుదే. మీరేమంటారు?

చిత్తూరు మెటలర్జీ:
అన్నా, సగం నిజం. స్టీలు కరగడానికి 1,500 డిగ్రీల దాకా వేడెక్కాలి, జింక్‌కు 420 చాలు. లోపల నగ్గెట్ (రెండు షీట్లు కరిగి కలిసే ముద్ద) కట్టేలోపే పైన జింక్ నీళ్లయిపోతుంది. ఆ క్షణంలో షీటు మీద లాగుడు ఉంటే, ఆ కరిగిన జింక్ స్టీలు రేణువుల సందుల్లోకి దిగి పెళుసు చేస్తుంది. మైల్డ్ స్టీలు సాగి తట్టుకుంటుంది. సిలికాన్ ఎక్కువున్న కొత్తరకం స్టీళ్లు అంత తేలిగ్గా తట్టుకోవు.

శ్రీసిటీ లైన్:
మరి ఆ లాగుడు ఎక్కడిది? గన్ నుంచే! టిప్‌లు ఎదురెదురుగా లేకపోయినా, షీట్ల మధ్య సందున్నా, కరెంట్ ఎక్కువై నిప్పురవ్వలు చిమ్మినా పగులు వస్తుంది. హోల్డ్ టైమ్ (కరెంట్ ఆగాక టిప్ నొక్కి ఉంచే సమయం) తగ్గించి ఉంటారు, చూసుకోండి. జింక్ గడ్డకట్టకముందే టిప్ వదిలేస్తే షీటు ఆ వేడిమీదే లాక్కుంటుంది. మా లైన్‌లో హోల్డ్ పెంచి, మొన వెడల్పుగా ఉన్న టిప్ వేశాకే పగుళ్లు తగ్గాయి.

రేణిగుంట స్పాట్‌గన్:
జింక్ గీకేసి వేస్తే?

శ్రీసిటీ లైన్:
పరీక్షకు రెండు ముక్కలు గీకి చూడండి. పగులు రాకపోతే కారణం జింకేనని తేలుతుంది. ప్రొడక్షన్‌లో మాత్రం వద్దు, గీకినచోటే తుప్పు పడుతుంది.

చిత్తూరు మెటలర్జీ:
గన్ సరిచేయాల్సిందే, ఒప్పుకుంటా. కానీ స్టీలు మార్చినవాళ్లు దానికి తగ్గ సెట్టింగ్ కూడా ఇవ్వాలి కదా? పాత సెట్టింగ్ మీద కొత్త షీటు పెట్టి, పగిలితే వెల్డర్‌ని తిట్టడం అన్యాయం.

రేణిగుంట స్పాట్‌గన్:
రాత్రి కరెంట్ ఆపి, టిప్‌ల మధ్య తెల్లకాగితం, కార్బన్ పేపర్ పెట్టి నొక్కాను. గుండ్రంగా పడాల్సిన అచ్చు అర్ధచంద్రంలా పడింది, అంటే టిప్‌లు ఎదురెదురుగా లేవు. రాగి టిప్ మొన కూడా జింక్ పట్టి ఇత్తడిలా పచ్చబడింది. రేపు గన్ సరిచేసి, టిప్ డ్రెస్సింగ్ (మొన చెక్కి శుభ్రం) చేసి, హోల్డ్ పెంచి పది స్పాట్‌లు వేస్తాను. అప్పటికీ ఎర్రగీత వస్తే ఆ ముక్కలు పట్టుకుని కస్టమర్ దగ్గరికే వెళ్తాను.