సమస్యాపూరణం: “ఉదయ మధ్యాహ్నముల భుక్తి యొక్కటయ్యె”

నిర్వాహకుడు:

ఈ వారం పూరణకు తేటగీతి పాదం ఒకటి ఇస్తున్నాను. దీనిని నాలుగో పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు మీరు కూర్చి పద్యం పూర్తి చేయాలి.

ఉదయ మధ్యాహ్నముల భుక్తి యొక్కటయ్యె

ఒకే పూటకు రెండు పూటల తిండి ఎలా కుదురుతుందన్నది ఇందులోని చిక్కు. హైదరాబాదు వంటి పెద్ద నగరంలో చదువుకునే విద్యార్థి, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో, టిఫినుకూ భోజనానికీ నడుమ పదకొండు గంటల ప్రాంతంలో కడుపునిండా తినగలిగే దారిని విషయంగా తీసుకోవలసిందిగా కోరుతున్నాను. నక్షత్రాల హోటళ్లలో ఆదివారం పూట టిఫినూ భోజనమూ కలిపి పెట్టే బ్రంచ్ ఒక వినోదం. విద్యార్థి పదకొండింటికి తినే తిండి మాత్రం బస్సు వేళలు, తరగతి వేళలు, నెలాఖరు లెక్కలు కలిసి నిర్ణయించేది. మొదటి మూడు పాదాలూ చదివిన పాఠకుడికి రెండు భుక్తులు ఎందుకు ఒకటయ్యాయో తెలియాలి. ఆ కారణం కనిపించని పద్యం, గణాలూ (గురు లఘువుల కూర్పులు) యతులూ (పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే జత అక్షరాలు) ఎంత చక్కగా కుదిరినా, సమస్యను పూరించినట్లు కాదు.

మొదటి పూరణ (ఇంజనీరింగు రెండో సంవత్సరం విద్యార్థి, కూకట్‌పల్లి):

పట్టణమ్మున కేగితి పాఠములకు
చేత గవ్వయు లేదయ్యె చింత మిగిలె
ఆకలింటికి రారాజునైతి నిచట
నుదయ మధ్యాహ్నముల భుక్తి యొక్కటయ్యె

నిర్వాహకుడు:

తమ్ముడూ, నాలుగు పాదాలలోనూ గణాలు సరిపోయాయి, యతులు తప్పలేదు, ‘ఇచట నుదయ’ అన్నచోట ద్రుతాన్ని, అంటే మాట చివరి నకారాన్ని, నిలిపిన తీరు కూడా బాగుంది. అయితే చేతిలో గవ్వ కూడా లేనివాడికి రెండు భుక్తులూ లేకుండా పోవాలి గాని, ఒకటి ఎందుకు మిగిలింది? ‘ఆకలింటికి రారాజు’ అన్న మాట ఏ ఊళ్లోని ఏ బీదవాడికైనా అన్వయిస్తుంది. మీరు కూకట్‌పల్లిలో ఉన్నారు. మీ హాస్టల్లో టిఫిను ఎన్నింటికి పెడతారు, మీ తరగతి ఎన్నింటికి మొదలవుతుంది, ఆ రెండింటికీ ఎక్కడ పొసగడం లేదు? పద్యంలోకి రావలసింది అదే.

అదే సభ్యుడు:

మాస్టారూ, మీరు అడిగినదే నా అసలు ఇబ్బంది. ఎనిమిదిన్నరకు లాబు మొదలవుతుంది కనుక ఎనిమిదికే హాస్టలు వదలాలి. అప్పటికి మెస్సులో పెనం కూడా వేడెక్కదు. తొమ్మిదింటికి టిఫిను ముగించేస్తారు, లాబు పదకొండుంబావుకు గాని వదలదు. రెండు, మూడు పాదాలను మార్చి మళ్లీ పంపుతున్నాను.

పట్టణమ్మున కేగితి పాఠములకు
తొమ్మిదింటికె మెస్సున దోసెలుడిగె
లాబు ముగిసిన వెనుకనే లభ్యమగుట
నుదయ మధ్యాహ్నముల భుక్తి యొక్కటయ్యె

నిర్వాహకుడు:

ఇప్పుడు సమస్య పూరింపబడింది. ‘తొమ్మిదింటికె’, ‘దోసె’ అన్నచోట త-ద లకు యతి చెల్లుతుంది, ఒ-ఓ లకు స్వరమైత్రి, అంటే అచ్చుల పొత్తు, ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, దోసెలు ఉడిగిపోయే వేళకూ లాబు ముగిసే వేళకూ నడుమ ఉన్న ఎడమే రెండు భుక్తులను కలిపిందని పాఠకుడికి స్పష్టంగా తెలుస్తున్నది. డబ్బు మాట ఎత్తకుండానే విద్యార్థి పరిస్థితి తెలియజేశారు.

రెండో పూరణ (గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న సభ్యుడు, అశోక్‌నగర్):

అయిదు రూకలె చెల్లించి యచట గొంటి
నాల్గు వందల గ్రాముల నాణ్యమైన
యన్నమును బప్పుచారును, నందుచేత
నుదయ మధ్యాహ్నముల భుక్తి యొక్కటయ్యె

2014లో మహానగర పాలక సంస్థ హరేకృష్ణ మూవ్‌మెంట్ ఛారిటబుల్ ఫౌండేషన్‌తో కలిసి మొదలుపెట్టిన అయిదు రూపాయల అన్నపూర్ణ భోజనం గురించి రాశాను. పళ్లెంలో 400 గ్రాముల అన్నం, 120 గ్రాముల సాంబారు, 100 గ్రాముల కూర, 15 గ్రాముల పచ్చడి పెట్టాలన్నది అక్కడి కొలత. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉదయం నుంచి చదువుకునే మాలో చాలామంది పొద్దున టీతో సరిపెట్టుకొని, ఆ కేంద్రం తెరిచే వేళకు వెళ్లి వరుసలో నిలబడతాం.

నిర్వాహకుడు:

ఒక పథకంలోని కొలతను పద్యపాదంలో ఇమిడ్చి, అది లెక్కల పుస్తకంలా వినిపించకుండా చూడడం సులభం కాదు. రెండో పాదం అందుకు నిలిచింది. ‘అన్నమును బప్పుచారును’ అని పకారాన్ని బకారం చేసి సరళాదేశం చేసిన తీరు సరిగా ఉంది. ‘సాంబారు’ అని వేయబోతే అక్కడ గణం చెడుతుంది గనుక పప్పుచారుతో సర్దుకోవడాన్ని తప్పు పట్టను. నాకు అసంతృప్తి కలిగించినవి రెండు. ‘అచట’ అంటే ఎక్కడో పద్యంలో లేదు. ‘అందుచేత’ అన్న మాట కారణం ఉన్నదని చెబుతున్నదే గాని కారణాన్ని చూపడం లేదు. టీతో సరిపెట్టుకొని వరుసలో నిలబడతామని మీరు వచనంలో రాసిన వాక్యంలో అసలు కారణం ఉంది, దానిని పద్యంలోకి తేవలసింది.

అదే సభ్యుడు:

మాస్టారూ, ‘అచట’ బదులు ఊరి పేరు వేయాలని చాలా ప్రయత్నించాను. యతికి అకారం కావాలి, నాలుగో గణం సూర్యగణం (గురువు, లఘువు గాని మూడు లఘువులు గాని) కావాలి. అమీర్‌పేట, అశోక్‌నగర్ రెండూ అకారంతోనే మొదలవుతాయి గాని, రెండింటిలోనూ మొదటి అక్షరం లఘువు, రెండోది గురువు కావడంతో సూర్యగణంలో ఇమడవు. నాంపల్లిని రెండో పాదంలో పెడదామంటే వరుసగా రెండు గురువులు పడ్డాయి.

నిర్వాహకుడు:

నేనూ గణించి చూశాను, మీరన్నది నిజమే. ఊరి పేరును విరిచి వికృతం చేయడం కంటే ‘అచట’ నయం.

ఒక సభ్యురాలు (విజయవాడ):

ఈ పూరణ విషయంలో ఒక మాట చెప్పాలి. 2025లో హైదరాబాదులో ఆ అన్నపూర్ణ కేంద్రాలను ఇందిరమ్మ క్యాంటీన్లుగా మార్చి, ఉదయం టిఫినును కూడా అయిదు రూపాయలకే ఇవ్వడం మొదలుపెట్టారు కదా. అలాంటి క్యాంటీను దగ్గరలో ఉన్న విద్యార్థి పది రూపాయలతో రెండు పూటలూ తినగలడు, కనుక పద్యంలోని కారణం అక్కడ కొంత సడలుతుంది. మా వైపు అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మధ్యలో ఆగిపోయి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. అక్కడ కూడా పూటకు అయిదు రూపాయలే. కానీ టిఫిను పదింటితో ముగుస్తుంది, భోజనం పన్నెండున్నరకు మొదలవుతుంది. పదిన్నరకు తరగతి వదిలిన పిల్లవాడికి రెండూ అందవు. ధర ఎంత తక్కువైనా వేళ కుదరకపోతే ప్రయోజనం లేదు.

నిర్వాహకుడు:

అమ్మా, ఈ చర్చకు ఎంతో అవసరమైన మాట చెప్పారు. నగరంలో చౌక తిండి దొరకదనడం సరి కాదు, దొరుకుతుంది. అయితే దానికి ఒక వేళ ఉంటుంది, ఆ వేళ దాటితే పక్కనే ఉన్న హోటలులో అంతకు ఎన్నో రెట్లు పెట్టి తినవలసి వస్తుంది. టిఫిను బండ్ల సంగతీ అంతే. ఎనిమిదింటికి పొగలు కక్కే ఇడ్లీ, మూడు రకాల పచ్చడితో దొరికే బండి దగ్గర పదిన్నరకు గిన్నెలు కడుగుతూ ఉంటారు. తరువాతి పూరణలు పంపేవారు ఈ వేళను దృష్టిలో పెట్టుకోవాలని కోరుతున్నాను.

మూడో పూరణ (ఎమ్మే తెలుగు విద్యార్థిని, ఉస్మానియా విశ్వవిద్యాలయం):

తింటివా యని యడుగగా తీరికపడి
యమ్మ ఫోనున, దింటినం చంటి గాని
చిల్లరను లెక్కపెట్టుచు చెప్పలేదు
ఉదయ మధ్యాహ్నముల భుక్తి యొక్కటయ్యె

నిర్వాహకుడు:

అమ్మాయీ, సమస్యా పాదాన్ని తల్లికి చెప్పని మాటగా మార్చడం నేను ఊహించని మలుపు. ‘తీరికపడి’ అన్న ఒక్క మాటతో పొలం పనో ఇంటి పనో ముగించుకొని కూతురికి ఫోను చేసే తల్లి కళ్లముందు కనిపిస్తున్నది. ఒక దోషం ఉంది, సవరించుకోండి. ఉత్తునకు (హ్రస్వ ఉకారానికి) అచ్చు పరమైతే సంధి నిత్యం, కాబట్టి ‘చెప్పలేదు’ తరువాత ‘ఉదయ’ విడిగా నిలిస్తే విసంధి దోషం వస్తుంది. ‘చెప్పనైతి’ అంటే గణం మారదు, యతి చెడదు, ‘చెప్పనైతి నుదయ’ అని ద్రుతం నిలిచి పాదాలు అతుకుతాయి. పైగా ‘చెప్పలేదు’ వట్టి సమాచారం, ‘చెప్పనైతి’లో చెప్పలేకపోయిన బాధ కూడా వినిపిస్తుంది.

అదే విద్యార్థిని:

సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను, మాస్టారూ. ‘నైతి’ అన్న రూపం తోచక ఆ పాదం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నాలుగో పూరణ (డిగ్రీ విద్యార్థి, పాతబస్తీ):

ఖిచిడి ఖీమాయు ఖట్టాయు గిన్నె నిండె
చారుమీనారు చెంగట చాయి తోడ
ఆదివారము పొద్దెక్క నచటి కేగ
నుదయ మధ్యాహ్నముల భుక్తి యొక్కటయ్యె

మా వైపు ఉదయం పూట పెసరపప్పో ఎర్ర కందిపప్పో వేసి వండిన పసుపుపచ్చని ఖిచిడీ, దాని పక్కన ఖీమా, పైన చింతపండూ నువ్వులూ కలిపి చేసిన పుల్లని ఖట్టా పెడతారు. ఒక పళ్లెం తిని ఇరానీ చాయి తాగితే సాయంత్రం దాకా ఆకలి మాటే ఉండదు. ఇద్దరం వెళ్తే ఒక ఖీమా తెప్పించుకొని ఖిచిడీ మరికొంత అడిగి పంచుకుంటాం.

ఒక సభ్యుడు (రాజమహేంద్రవరం):

పద్యం బాగుంది. అయితే తేటగీతిలో వరుసగా మూడు ఉర్దూ మాటలు వేయడం నాకు కొంత ఎబ్బెట్టుగా తోచింది. ‘పులగము’ అని వేయవచ్చునేమో ఆలోచించగలరు.

నిర్వాహకుడు:

అన్నగారూ, మీ సూచన మీద గౌరవం ఉంచుతూనే ఒప్పుకోలేకపోతున్నాను. పులగం మన ఇళ్లలో వండుకునే వంట. ఆ హోటల్లో కూర్చొని పులగం కావాలని అడిగితే ఏదీ తెచ్చిపెట్టరు. ఆ మూడు మాటలు కలిసే ఆ పళ్లేనికి పేరు. పైగా ఖకారాలు మూడు వరుసగా పడి, యతిస్థానంలో ‘గిన్నె’ చేరడం వల్ల పాదానికి మంచి నడక వచ్చింది. పూరణకర్తకు నా సవరణ రెండో పాదంలో ఉంది. ‘చారుమీనారు’ అని గణం కోసం సాగదీశారు, ఎవరూ అలా పలకరు. ‘చార్మినారుకు చెంగట చాయి తోడ’ అంటే గలం (గురువు, లఘువు) తరువాత భగణం (గురువు, రెండు లఘువులు) పడి గణాలు సరిపోతాయి, జనం పలికే రూపమూ నిలుస్తుంది.

అయిదో పూరణ (సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటున్న సభ్యుడు, అమీర్‌పేట):

కూర పొట్లము కొనితెచ్చి కుక్కరందు
నన్నముడుకంగ నలుగురు నచట జేర
పదునొకండయ్యె గంటలు పంచుకొనగ
నుదయ మధ్యాహ్నముల భుక్తి యొక్కటయ్యె

గదిలో నలుగురం ఉంటాం. బియ్యం బస్తా నెల మొదట్లో అందరం కలిసి కొంటాం. కరెంటు కుక్కరు ఒకటి ఉంది. కర్రీ పాయింటు పది దాటాక తెరుస్తారు. ఒక వేపుడు, ఒక పప్పు, ఒక సాంబారు పొట్లం తెస్తే నలుగురికీ సరిపోతాయి. ఒక్కొక్కరికీ పడేది బయట ప్లేటు దోసె ధర కంటే తక్కువే. ఉదయం బ్యాచ్ పదిన్నరకు వదులుతుంది, మధ్యాహ్నం బ్యాచ్ ఒంటిగంటకు మొదలవుతుంది, అందుకే మా భోజనం పదకొండింటికి.

నిర్వాహకుడు:

ఇంతవరకు వచ్చిన వాటిలో నేను మొదటి స్థానం ఇస్తున్నది ఈ పూరణకే. వేళ ఉంది, వంట ఉంది, పంచుకోవడం ఉంది, బీదతనాన్ని గురించిన ఒక్క మాట కూడా లేకుండా ఖర్చు ఎలా తగ్గిందో పద్యమే చెబుతున్నది. నలుగురు చేరితే గాని ఆ తిండి చౌక కాదన్న విషయం రెండో పాదంలో అప్రయత్నంగా ఒదిగింది. ఒక్క వ్యాకరణ దోషాన్ని దిద్దుకోవాలి. ‘కొనితెచ్చి’ క్త్వార్థకం (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ) గనుక తెచ్చినవాడే తరువాతి క్రియకూ కర్త కావాలి, కానీ తరువాత ఉడికేది అన్నం, చేరేది నలుగురు. ‘కొనితేగ’ అంటే గణం అదే ఉంటుంది, అన్వయం చక్కబడుతుంది.

అదే సభ్యుడు:

ధన్యవాదాలు మాస్టారూ, ‘కూర పొట్లము కొనితేగ కుక్కరందు’ అని దిద్దుకున్నాను. ‘పదునొకండయ్యె గంటలు’ అన్నచోట గంటలు బహువచనం, అయ్యె ఏకవచనం కదా అని మా గదిలోని మిత్రుడు అడుగుతున్నాడు. దోషమా?

నిర్వాహకుడు:

దోషం కాదు. జడవాచకాల (ప్రాణం లేని వాటి పేర్ల) బహువచనానికి ఏకవచన క్రియ రావచ్చునని వ్యాకరణం ఒప్పుకొంటుంది. ‘పదకొండు గంటలయింది, పదండి తిందాం’ అని మీ గదిలో మీరు రోజూ అనేది కూడా ఆ ప్రయోగమే. ఆ పాదాన్ని ఉన్నది ఉన్నట్లు ఉంచండి.