అప్‌డేట్: పాన్‌లో మంట వస్తోంది కానీ తుపాకీ పేలట్లేదని అడిగింది నేనే

అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే జింకల వేట సీజన్ కోసం కొన్న ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి రవ్వలతో మందు అంటించే పాతకాలం తుపాకీ) గురించి అడిగాను కదా: పాన్‌లో (బారెల్ పక్కన రవ్వలు పడే చిన్న గిన్నెలో) వేసిన మందు భగ్గుమంటోంది, బారెల్‌లో కూరిన మందు మాత్రం అంటుకోవట్లేదని. ఇప్పుడు దారికొచ్చింది.

ఎక్కువమంది చెకుముకి రాయి మార్చమన్నారు. రాయి బాగానే ఉంది, నిప్పురవ్వలు దండిగానే రాలేవి. అసలు తంటా టచ్ హోల్‌లో, అంటే పాన్‌లో మంట బారెల్‌లోకి వెళ్ళే చిల్లులో. సన్న తీగ పెట్టి తిప్పితే జిగట మసి ఊడొచ్చింది. ఇప్పుడు ప్రతి షాట్ తర్వాత బారెల్‌ని తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడుస్తున్నా. పాన్‌లో ఫోర్ ఎఫ్ పౌడర్ (బాగా సన్నటి తుపాకీ మందు) కూడా చిల్లుని కప్పేయకుండా కొద్దిగానే వేస్తున్నా. చిల్లు నిండితే మందు వత్తిలా మెల్లగా కాలుతుందని ఒకాయన చెప్పింది అక్షరాలా నిజం.

జింక సంగతా? మంచు కురుస్తున్న పొద్దున ఒక ఆడజింక నలభై గజాల్లో నిలబడింది. ట్రిగ్గర్ నొక్కాక మంటకీ మోతకీ మధ్య ఆ లిప్తపాటు తుపాకీ కదలకుండా పట్టడమే అసలు కష్టం. పొగ తెరిపిచ్చేసరికి పడిపోయి ఉంది.

పెర్కషన్ క్యాప్‌ది (రాయి బదులు, దెబ్బకి పేలే చిన్న టోపీతో మందు అంటించే తుపాకీ) కొనొచ్చుగా అన్నవాళ్ళకి: 1974లో ఈ సీజన్ పెట్టినప్పటి నుంచీ ఇందులో ఫ్లింట్‌లాకే వాడాలి. ఇండియా నుంచి అడిగినవాళ్ళకి: అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం, ఆ ఆలోచనే వద్దు.