ఇంటికని ఉంచుకున్న బుడ్డలకు (వేరుశనగకాయలకు) బూజు, కందులకు పుచ్చు. ఏం చేయాలి?

మెట్టచేను (పత్తికొండ దగ్గర):
మాది 5 ఎకరాల మెట్ట. పోయిన అక్టోబరులో బుడ్డలు పీకి కట్టె (కాయలున్న చెట్లు) ఆరేసిన మర్నాడే వాన పట్టుకుంది, మూడు రోజులు వదల్లేదు. బాగున్న కాయ వ్యాపారి తీసుకెళ్లాడు, నల్లబడిన 2 మూటలు ఇంటికని ఉంచుకున్నాం. ఇప్పుడు ఒలిస్తే గింజ మీద పచ్చబూజు. బాగా వేయించి ఊరిబిండి పచ్చడి చేస్తే ఏం కాదంటుంది మా అమ్మ. కందులదీ అదే కథ, బస్తా విప్పగానే పొడి రాలింది, గింజ గింజకీ బొక్క. రేషన్ బియ్యం ఉంది కాబట్టి పస్తులైతే లేవు గానీ, కందులు పండించిన ఇంట్లో కందిపప్పు అంగట్లో కిలో కిలో తెచ్చుకుంటున్నాం. మీరెలా దాస్తున్నారు?

ఉరవకొండ రైతు:
తమ్ముడూ, ముందు ఆ బుడ్డలు పారేయి. ఆ బూజు వదిలే విషం అఫ్లాటాక్సిన్, వేయించినా పూర్తిగా పోదు, లివర్ దెబ్బతింటుంది. బర్రెకు పెట్టినా పాలలోకి వస్తుంది. మంచికాయ మార్కెట్‌కి, పాడైంది పిల్లలకి, ఇదేం అలవాటో మనకి! నేనైతే ఇంటికి కావాల్సింది పక్కన పెట్టాకే బేరం మొదలుపెడతా. పీకిన కట్టెను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టు. ఊపితే గింజ గలగలమనాలి, తేమ 8 శాతం దగ్గరికి దిగాలి, అప్పుడే మూట కట్టు. మూటలు నేల మీద కాదు, చెక్కల మీద, గోడకు తగలకుండా.

జమ్మలమడుగు కోడలు:
కందికి పుచ్చుపురుగు చేలోనే కాయ మీద గుడ్లు పెట్టి ఇంటిదాకా వస్తుంది అన్నా, గది ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. మేం తిండికి ఉంచేవి వెంటనే పప్పు చేయిస్తాం, విరిగిన పప్పుకు ఆ పురుగు అంతగా పట్టదు. విత్తనానికి మూడు పొరల సంచి, లోపల రెండు పాలిథీన్ కవర్లు ఉంటాయి, గాలి అందక పురుగు చస్తుంది. మొదటి ఏడాది నేను వారానికోసారి మూతి విప్పి చూసి మొత్తం పాడుచేశా, మీరు ఆ పని చేయొద్దు.

ఆదోని పెద్దాయన:
కొత్త సంచి అంటున్నారు గానీ మా నాయన కాలంలో జొన్నల పాతర (గింజలు దాచడానికి నేలలో తవ్విన గొయ్యి) చేసిన పనీ అదే కదా, గాలి లేకుండా చేయడం. పాతర తెరిచాక లోపలికి దీపం దించేవాళ్లు, ఆరిపోయిందంటే ఆ పూట ఎవరూ దిగేవాళ్లు కాదు. సరే, సంచి కొంటాం, పంట ఇంటికి రాగానే అప్పిచ్చినోడు గడపలో కూర్చుంటే దాచేదేముంది? రేటు లేనప్పుడు అమ్మి, వేసవిలో రెట్టింపు పెట్టి కొనడం నాకు తెలిసిన సగం ఇళ్లలో ఉన్నదే.

మెట్టచేను:
బుడ్డలు చేను గట్టున గుంత తీసి పూడ్చేశా. అమ్మ పొద్దుటి నుంచి నాతో మాట్లాడటం లేదు. పెద్దాయనా, ఆ మూడు పొరల సంచులు ఆదోనిలో దొరుకుతాయా?