రాయి కోసే కటింగ్ మిషన్: స్విచ్ నొక్కితే ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు

చీమకుర్తి నుంచి:
గ్రానైట్ పలకలు కోసే 5 అంగుళాల చేతి మిషన్, 1250 వాట్లు. స్విచ్ నొక్కితే ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. గట్టిగా నొక్కిపట్టుకుంటే నడుస్తుంది గానీ కాసేపటికి పిడి కాలిపోతుంది. కార్బన్లు (మోటారుకి కరెంటు అందించే బ్రష్షులు) కొత్తవే. స్విచ్ ఒక్కటి మారిస్తే చాలా, ఆర్మేచర్ (మోటారులో తిరిగే చుట్ట) కూడా పోయిందంటారా? స్విచ్ పీకేసి వైర్లు డైరెక్టుగా కలిపేయమంటున్నారు, పర్వాలేదా?

ఒంగోలు, మోటారు రీవైండింగ్:
వేడి పిడిలో ఉందంటే అనుమానం స్విచ్ మీదే అన్నా. ఆర్మేచర్ కాలితే వేడీ, వార్నిష్ మాడిన వాసనా మోటారు వైపు నుంచి వస్తాయి.

ముందు ప్లగ్ పీకెయ్. పిడి విప్పి, ప్లగ్ పిన్ను నుంచి స్విచ్‌లోకి వచ్చే వైరు దాకా మల్టీమీటర్‌తో చూడు. చూస్తూనే, రబ్బరు గొట్టం దగ్గర కేబుల్‌ని అటూ ఇటూ వంచు. వంచినప్పుడు రీడింగ్ తెగిపోతుంటే లోపల వైరు విరిగినట్టే. ఆ ముక్క కోసేసి మళ్లీ బిగిస్తే సరి, స్విచ్ కొనక్కర్లేదు.

కేబుల్ బాగుంటే స్విచ్ నొక్కి, దాని రెండు దారులూ విడివిడిగా కొలువు. మీటర్ వైర్ల రీడింగ్ తీసేస్తే దాదాపు సున్నా రావాలి. 1 ఓమ్ వచ్చినా తక్కువ కాదు: ఈ మిషన్ ఫుల్ లోడులో సుమారు 5.4 ఆంపియర్లు లాగుతుంది, అంటే 29 వాట్ల వేడి వేలెడంత స్విచ్ లోపలే పుడుతుంది. సన్నటి రాయిపొడి స్విచ్‌లో కరెంటు కలిపే పాయింట్ల మధ్య చేరితే అవి సరిగా ఆనవు. నిప్పురవ్వలొచ్చి పైనున్న వెండి పూత గుంటలు పడుతుంది.

చీమకుర్తి నుంచి:
కేబుల్ బాగుంది. స్విచ్ ఒక దారి 0.1, రెండోది 3 నుంచి 8 దాకా ఎగురుతోంది. పాయింట్లు గరుకు కాయితంతో రుద్దితే సరిపోదా?

ఒంగోలు, మోటారు రీవైండింగ్:
వద్దు. మిగిలిన వెండి కూడా పోయి నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. పాత స్విచ్ చేత్తో పట్టుకెళ్లి కొలత, పిన్నుల వరస, లాక్ బటన్ సరిచూసుకుని కొను. దాని మీదున్న ఆంపియర్లకి తగ్గకూడదు.

విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకో. తోసి బిగించే రకమైతే వైరు పక్క సందులో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కుతూ లాగాలి. స్క్రూ రకమైతే పోగులు మెలిపెట్టి బిగించు, టంకం వెయ్యొద్దు. బిగింపు కింద టంకం మెల్లగా అణిగి వదులవుతుంది, మళ్లీ వేడే. కెపాసిటర్ ఉంటే పాత చోటే కలుపు.

కావలి, ఎలక్ట్రీషియన్:
డైరెక్టు మాట మాత్రం వినొద్దు. కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ దానంతటదే తిరుగుతుంది, అప్పుడు చెయ్యి బ్లేడు మీదుంటే ఇక చెప్పేదేముంది.

కొత్త స్విచ్ పెట్టాక, ప్లగ్ పీకే ఉంచి, స్విచ్ నొక్కి ప్లగ్ పిన్నుల మధ్య కొలువు, కొన్ని ఓమ్‌లు రావాలి. బ్లేడుని చేత్తో మెల్లగా తిప్పితే అంకె కొంచెం ఊగుతుంది, అది మామూలే. ఎక్కడైనా పూర్తిగా తెగిపోతే కార్బన్ స్ప్రింగు గానీ కమ్యూటేటర్ (కార్బన్లు ఆనే రాగి పట్టీల భాగం) గానీ చూడాలి.

నీళ్లు పోస్తూ కోసే మిషన్ కాబట్టి ఇంకొకటి: స్విచ్ నొక్కే ఉంచి, ప్లగ్ పిన్నులకీ గేరు తలకాయ ఇనుముకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) వెయ్యి. 2 మెగోమ్‌లకి తగ్గితే లోపల తడి బురద ఉన్నట్టు, ఆరబెట్టి తుడిచేదాకా వాడొద్దు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్) లేకపోతే స్విచ్‌తో పాటే తెచ్చి బిగించు.