తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఏఎంటీ కారును ఏ గేరులో ఉంచాలి?

ప్రశ్న:
పదిహేనేళ్లుగా క్లచ్ ఉన్న కార్లే నడిపిన నేను రెండు నెలల క్రితం ఏఎంటీ కారు (క్లచ్ పెడల్ లేకుండా, గేర్లను యంత్రమే మార్చే కారు) కొన్నాను. వచ్చే నెల అమ్మానాన్నలను తిరుమలకు తీసుకువెళ్లాలని ఉంది. ఎక్కడం కంటే దిగడం గురించే నాకు భయంగా ఉంది. పాత కారులో రెండో గేరు వేసుకుని నెమ్మదిగా దిగేవాణ్ణి. ఇప్పుడు లివర్‌ను ‘డి’ (డ్రైవ్)లో ఉంచి బ్రేకు తొక్కుకుంటూ రావడమేనా? మరొక సంగతి కూడా ఉంది. పోయిన వారం స్పీడ్ బ్రేకర్ దగ్గర అలవాటు కొద్దీ నా ఎడమకాలు క్లచ్ అనుకుని బ్రేకును గట్టిగా తొక్కింది. కారు ఒక్కసారిగా ఆగి, వెనుక సీట్లో ఉన్న అమ్మ ముందుకు తూలింది. దెబ్బ తగలలేదు గాని నా మనసు ఇంకా కుదుటపడలేదు.

జవాబు 1:
మీ పాత అలవాటే సరైనది, దాన్ని వదలవద్దు. ‘డి’లో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే గేరుబాక్సు పెద్ద గేరుకు మారే అవకాశం ఉంది, అప్పుడు ఇంజను కారును పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఎడతెగకుండా తొక్కితే డిస్కులు కాగి, బ్రేకు ఆయిల్ మరిగే స్థితికి వచ్చి, పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది. అందువల్ల వాలు మొదలుకాకముందే వేగం తగ్గించి, లివర్‌ను ‘ఎం’కు (గేరును మనమే ఎంచుకునే మాన్యువల్ స్థానం) జరిపి, మైనస్ గుర్తు వైపు నెట్టి రెండో గేరుకు రండి. వేగం ఎక్కువగా ఉంటే గేరుబాక్సు చిన్న గేరుకు ఒప్పుకోదు కాబట్టి ముందు బ్రేకు, తర్వాత గేరు. మలుపుకు ముందు ఒకసారి గట్టిగా తొక్కి, వదిలేయాలి.

దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు. కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్న నిబంధన కూడా ఉంది. లెక్క వేస్తే గంటకు 28 కిలోమీటర్లు, అంటే సరిగ్గా రెండో గేరు వేగమే. పెట్రోలు కలిసివస్తుందని న్యూట్రల్‌లో దిగేవారిని చూస్తే నాకు నిజంగా ఆందోళన కలుగుతుంది.

జవాబు 2:
ఎక్కేటప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం. వాహనాలు ఆగినచోట యాక్సిలరేటర్‌తో కారును వాలు మీద నిలబెట్టవద్దు. ఏఎంటీలో ఉన్నది మామూలు క్లచ్చే, మీ బదులు యంత్రం తొక్కుతుంది, అంతే. అలా నిలబెడితే అది కాలిపోతుంది. హ్యాండ్‌బ్రేకుతో ఆపి, కదలబోయేటప్పుడు వదలండి. చాలా ఏఎంటీ కార్లలో ‘పి’ (పార్కింగ్) స్థానం ఉండదు కనుక, వాలులో నిలిపేటప్పుడు బ్రేకు తొక్కి ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, కారు ముఖం ఎగువకు ఉంటే ‘డి’లో, దిగువకు ఉంటే ‘ఆర్’ (రివర్స్)లో ఉంచి ఇంజను ఆపాలి.

జవాబు 3:
ఎడమకాలి విషయంలో మీరు ఒక్కరే కాదు, క్లచ్ కార్ల నుంచి మారినవారిలో చాలామందికి ఇది ఎదురవుతుంది. బండి ఎక్కగానే ఎడమ పాదాన్ని వెనక్కి లాగి, మడమను నేలకు ఆనించి అక్కడే ఉంచండి. రెండు పెడల్స్‌కూ కుడికాలే. ప్రయాణానికి ముందు ఖాళీ రోడ్డు మీద వారం రోజులైనా సాధన చేయండి. ఘాట్ రోడ్డు మీద అమ్మగారికి వెనుక సీట్లో కూడా బెల్టు తప్పకుండా పెట్టించండి.