గోల్డర్స్ గ్రీన్‌కి కొత్తగా వచ్చాం, యూదుల గురించి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్తే. విజయవాడ నుంచి లండన్ వచ్చి రెండు నెలలైంది, గోల్డర్స్ గ్రీన్‌లో అద్దెకు దిగాం. మా వీధిలో ఎక్కువమంది యూదులే. పక్కింటావిడ ఎంతో ఆప్యాయంగా పలకరిస్తారు, కానీ వాళ్ల పద్ధతులేవీ నాకు తెలియవు, ఏం మాట్లాడితే ఏం తప్పవుతుందోనని ఒకటే టెన్షన్. బయటివాళ్లు వెళ్లి నేర్చుకోదగ్గ క్లాసులు, ఉపన్యాసాలు ఉన్నాయా? మతం మారే ఉద్దేశం లేదు, తెలుసుకోవాలనుంది అంతే. పాపకి ఎనిమిదేళ్లు, తనని కూడా తీసుకెళ్లొచ్చా?

*జవాబు, హెండన్ నుంచి*

నమస్తే అండీ. మాది పొన్నూరు, ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది. మతం సంగతి మనసులోంచి తీసేయండి. యూదులు ఎవరినీ తమ మతంలోకి రమ్మని పిలవరు, తమంతట తాము వస్తామన్నవాళ్లకి కూడా చాలాకాలం చదివించి, ఆలోచించుకోమని చెప్పిగానీ ఒప్పుకోరు.

సినగాగ్‌తో, అంటే వాళ్ల ప్రార్థనా మందిరంతో మొదలుపెట్టొద్దు. అక్కడ ప్రార్థన హీబ్రూలో సాగుతుంది, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో చూసుకోవడంతోనే సరిపోతుంది. ముందు ఫించ్లీ రోడ్ మీదున్న జేడబ్ల్యూ3కి వెళ్లండి, మీ దగ్గర 13 నంబరు బస్సెక్కితే చాలు. 2013లో తెరిచిన కమ్యూనిటీ సెంటర్ అది, అక్కడి పోస్ట్‌కోడ్ ఎన్‌డబ్ల్యూ3 కాబట్టి మొదటి అక్షరం మార్చి ఆ పేరు పెట్టారు. సినిమాలు, చర్చలు, వంట క్లాసులు అన్నీ ఉంటాయి, ఎవరైనా టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు.

నేను లండన్‌లో మొదట వెళ్లింది హల్లా రొట్టె చేయడం నేర్పే వర్క్‌షాప్‌కి. శుక్రవారం రాత్రి బల్ల మీద పెట్టే రొట్టె అది, పిండిని పాయలు తీసి జడలా అల్లుతారు. మనకి జడలు వేసిన చేతులే కాబట్టి అల్లడం ఇట్టే వచ్చేసింది. కానీ నన్ను కదిలించింది అంతకుముందు జరిగింది. నేర్పే పెద్దావిడ పిండి ముద్దలోంచి గోళీకాయంత తుంచి, చేతిలో పట్టుకుని, ఒక దీవెన చదివి పక్కన పెట్టేశారు. యెరూషలేంలో వాళ్ల గుడి ఉన్న రోజుల్లో పూజారులకి ఇచ్చే భాగమట అది, గుడి కూలిపోయి దాదాపు రెండు వేల ఏళ్లవుతున్నా ఆ వాటా తీయడం మాత్రం మానలేదు. అసలు హల్లా అన్న పేరు ఆ తీసిపెట్టిన ముద్దదేనట. మా అమ్మమ్మ అన్నం వార్చగానే మొదటి ముద్ద గోడ మీద కాకికి పెట్టేది, అది గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత లిమ్ముద్ గురించి తెలుసుకోండి. యూదు విషయాల మీద పాఠాలు, చర్చలు జరిపే సంస్థ అది, హీబ్రూలో ఆ మాటకి అర్థం నేర్చుకోవడం. 1980లో ఇంగ్లండ్‌లో మొదలై ఇప్పుడు చాలా దేశాలకి పాకింది, నడిపేవాళ్లంతా వాలంటీర్లే. డిసెంబరులో వాళ్లు జరిపే పెద్ద సమావేశానికి ఖర్చు బాగానే అవుతుంది, కాబట్టి ముందు ఒక్కరోజు కార్యక్రమం ఏదైనా దగ్గర్లో ఉంటే చూడండి. పొద్దున పాఠం చెప్పినవాళ్లే మధ్యాహ్నం మీ పక్కన విద్యార్థిగా కూర్చుంటారు.

పాఠాల్లో మాత్రం హవ్రూతా పద్ధతి ఉన్నదే ఎంచుకోండి. ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి ఒక పేజీ ఇస్తారు. తాల్ముద్ అంటే యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం, దాని పేజీ చూస్తే మీకు మన పాత కావ్యప్రతులు గుర్తొస్తాయి, మధ్యలో మూలం, ఒక పక్కన పదకొండో శతాబ్దపు రాషీ వ్యాఖ్యానం, రెండో పక్కన ఆయనతో వాదించే తర్వాతి తరాలవాళ్ల వ్యాఖ్యలు. మెదక్ కొలిచాలలో పుట్టిన మల్లినాథసూరి వ్యాఖ్యానం లేకుండా కాళిదాసుని చదవలేనట్టే వీళ్లు రాషీ లేకుండా ముందుకు కదలరు. నాకు జతగా వచ్చిన పెద్దాయన నేను ఏం చెప్పినా "ఎందుకలా?" అని అడ్డుపడేవారు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. చివర్లో చెయ్యి కలిపి ఎంతో బాగా గడిచిందన్నారు! ఎదురు ప్రశ్న వేయడం అక్కడ మర్యాద, మీరూ వేయండి.

మీరు తెలుగువారని తెలిస్తే మీ దగ్గరి యూదుల గురించి చెప్పమని అడుగుతారు, నన్నూ అడిగారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తమని తాము పిలుచుకునే చిన్న సమూహం ఉంది, 1980ల నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు, చాలావరకు మాదిగ కుటుంబాలు. పొన్నూరు నుంచి గుంటూరు వెళ్లే ప్రతిసారీ చేబ్రోలు మీదుగానే వెళ్లిన నాకు అక్కడి బ్రహ్మగారి గుడి తెలుసు, వీళ్ల సంగతి లండన్‌లో పరాయివాళ్లు చెప్తే తెలిసింది. సిగ్గేసింది. ఒకరు యూదులా కాదా అన్నది పుట్టుక తేలుస్తుందా, ఆచరణా, లేక రబ్బీలు అనే వాళ్ల మతగురువులా అని ఆ రోజు గంటన్నర చర్చ నడిచింది. యూదుల్లోనే దీనికి ఒక్క జవాబు లేదు. దేవుణ్ణి నమ్మని వాళ్లు కూడా శుక్రవారం దీపాలు వెలిగిస్తారు, మేం యూదులమే అంటారు.

ఇక పక్కింటావిడ విషయం. శుక్రవారం భోజనానికి పిలిస్తే ఇంట్లో చేసినవి పట్టుకెళ్లొద్దు. నేను నెయ్యి దండిగా వేసి సున్నుండలు చేసి స్టీలు డబ్బాలో తీసుకెళ్లాను, ఆవిడ ఎంతో సంతోషంగా తీసుకున్నారు, బల్ల మీదకి మాత్రం రాలేదు. వాళ్ల ఆహార నియమాన్ని కోషర్ అంటారు, అది దినుసులొక్కటే కాదు, ఏ గిన్నెలో వండామన్నది కూడా, అచ్చం మన మడి లాగే. పైగా మాంసం వడ్డించే పూట పాలు, నెయ్యి బల్ల మీదకే రావు. పూలు తీసుకెళ్లండి, అవీ పొద్దుగూకక ముందే ఇచ్చేయండి. డిసెంబరులో అయితే మూడున్నర దాటగానే షబ్బత్, అంటే వాళ్ల వారపు విశ్రాంతి దినం, దీపాలు వెలిగిస్తారు.

మీ వీధి గుమ్మం మీద స్వస్తిక్ ఉంటే దయచేసి లోపల పూజ దగ్గర పెట్టుకోండి. మనకది శుభం, ఎన్ని వేల ఏళ్ల నుంచో ఉంది, నిజమే. కానీ ఆ గుర్తు కింద నాజీలు వాళ్ల అరవై లక్షల మందిని చంపేశారు, ఎదురింటి ముసలమ్మ పొద్దున్నే తలుపు తీసి దాన్ని చూడకూడదు. పరిచయం పెరిగాక మన అర్థం చెప్పండి, వింటారు.

*జవాబు, మాంచెస్టర్ నుంచి*

అక్క చెప్పింది చాలావరకు వచ్చేసింది. ఒకటి కలుపుతాను. ఏ కార్యక్రమానికి వెళ్లినా గేటు దగ్గర పేరు అడుగుతారు, బ్యాగు చూస్తారు, నొచ్చుకోకండి. 2025 అక్టోబరులో యోమ్ కిప్పూర్ అనే వాళ్ల పవిత్రమైన ఉపవాసం రోజున మా ఊళ్లో సినగాగ్ మీద దాడి జరిగింది, మనుషులు పోయారు. ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసి ఐడీ పట్టుకెళ్తే ఇబ్బంది ఉండదు. పరిచయం కాగానే ఇజ్రాయెల్ రాజకీయాలు ఎత్తొద్దు, ఒక్కొక్కరిది ఒక్కో అభిప్రాయం, వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి. చరిత్ర మీద ఆసక్తి ఉంటే రస్సెల్ స్క్వేర్‌లో వీనర్ హోలోకాస్ట్ లైబ్రరీ ఉపన్యాసాలకి వెళ్లండి, నాజీల గురించి 1933 నుంచి సాక్ష్యాలు పోగుచేసిన సంస్థ అది. దానికి పాపని మాత్రం ఇప్పుడే తీసుకెళ్లకండి.

*మళ్లీ హెండన్ నుంచి*

అవును, పాప సంగతి మర్చిపోయాను. హల్లా క్లాసుకి తీసుకెళ్లండి, పిల్లలకి ప్రత్యేకంగా పెట్టేవి కూడా ఉంటాయి, వయసు ఎంత ఉండాలో బుకింగ్ దగ్గరే రాస్తారు. పిండి అంటుకుంటుంది, పాత గౌను వేయండి.