‘స్వేచ్ఛ’లో దాగిన ఇచ్ఛ: ఒక రాక్ పాట పేరును తెలుగు చేయడం గురించి

సభ్యులకు నమస్కారం. కెనడాకు చెందిన రష్ బృందం 1980 జనవరిలో విడుదల చేసిన ‘పర్మనెంట్ వేవ్స్’ ఆల్బమ్‌లోని ‘ఫ్రీవిల్’ (తన దారిని తానే నిర్ణయించుకోగల సంకల్పం) పాటకు ‘స్వేచ్ఛ’ అన్న పేరు సరిపోతుందా అని ఇక్కడ ఒకరు అడిగారు. ఆ పాటను రాసినది బృందంలో డ్రమ్స్ వాయించిన నీల్ పియర్ట్, పాడినది గెడ్డీ లీ. వ్యుత్పత్తిని బట్టి చూస్తే ఇంతకన్నా తగిన మాట లేదు. స్వ, ఇచ్ఛ అనే రెండు మాటలు గుణసంధితో కలిసి ‘స్వేచ్ఛ’ అయింది; తన కోరిక, తన సంకల్పం అని దాని అసలు అర్థం. వాడుకను బట్టి చూస్తే మాత్రం సరిపోదని నా అభిప్రాయం.

ఖైదీకి స్వేచ్ఛ లభించిందనీ, పత్రికల స్వేచ్ఛను హరించారనీ ఈనాడు అంటున్నాము. అంటే అది ఒకరు ఇవ్వగలిగినదీ, మరొకరు లాక్కోగలిగినదీ అయింది. పియర్ట్ చెప్పేది అది కాదు. మనిషి గ్రహాలకు లోబడినవాడనీ, ఎవరో దారాలు లాగి ఆడించే బొమ్మ అనీ అనుకునేవారి నమ్మకాలను ఆ పాట ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతుంది. ఏదీ నిర్ణయించుకోకుండా ఉండిపోవడం కూడా ఒక నిర్ణయమేనని పల్లవిలో అంటుంది. ఒకరు ఇవ్వనిదీ, వద్దనుకున్నా వదిలించుకోలేనిదీ అయిన ఆ ఇచ్ఛను నేటి ‘స్వేచ్ఛ’ మోయలేదు.

పాత అర్థం ‘స్వేచ్ఛానువాదం’ అన్న మాటలో ఇంకా బతికే ఉంది. భీష్ముడి వరాన్ని స్వచ్ఛందమరణం అన్నప్పుడు ‘స్వచ్ఛందం’లోనూ అదే అర్థం, కానీ ఇప్పుడు ఆ మాట వినగానే సేవాసంస్థలు గుర్తుకొస్తాయి. ‘స్వైరం’ చెడ్డపేరు తెచ్చుకుంది. ‘సంకల్ప స్వాతంత్ర్యం’ తత్త్వశాస్త్రానికి చక్కగా నప్పుతుంది, పాటలో మాత్రం ఇమడదు.

నామవాచకం దగ్గర మనకు కలిగే ఈ లోటును క్రియ తీరుస్తుందని నేను నమ్ముతున్నాను. ‘ఎంచుకొను’, ‘నిర్ణయించుకొను’ అన్నప్పుడు ఆ ‘కొను’ చేసే పని తనకోసమేనని, దాని ఫలం తనకే చెందుతుందని చెబుతుంది. చేసుకున్నవారికి చేసుకున్నంత అన్న సామెతకు ప్రాణం ఆ ‘కొను’లోనే ఉంది. అందువల్ల పల్లవిని ‘ఎంచుకోకపోవడమూ ఎంచుకోవడమే’ అంటే, ఇంగ్లీషు క్రియలో లేని బాధ్యత కూడా మన మాటలో వినిపిస్తుంది. విధి అన్న అర్థంలో ‘కర్మ’ను ఇక్కడ వాడవద్దని మాత్రం అనువదించేవారిని కోరుతున్నాను, ఆ మాట చేసిన పనినీ, అనుభవించే రాతనూ కలిపి చెబుతుంది కనుక పాటలోని వాదం తలకిందులవుతుంది.

పేరుగా ‘స్వేచ్ఛ’నే ఉంచి, చివరి పాదాన్ని ‘నా ఇచ్ఛనే ఎంచుకుంటాను’ అని రాస్తే పాఠకుడు వెనక్కి వెళ్లి శీర్షికను విడదీసి చదువుకుంటాడు. అయితే ఇంగ్లీషులో ‘ఐ విల్ చూజ్ ఫ్రీ విల్’ అనే ఆ పాదంలో ‘విల్’ అన్న మాట ఒకసారి భవిష్యత్తును సూచిస్తూ, మరొకసారి సంకల్పం అనే అర్థంలో రెండుసార్లు వస్తుంది. ఆ జంటను తెలుగులో నిలిపే మార్గం నాకు ఇంకా దొరకలేదు; ఎవరికైనా తోస్తే ఇక్కడ రాయగలరు.